పేరు చెప్పి లోపలికి రా

విమానం దిగిన సమ్మవ్వను బహ్రెయిన్ దేశం లోపలికి రానియ్యలేదు.

తప్పు ఆమెది కాదు. విమానంలో ఆమె అంత బుద్ధిగా కూర్చున్న మనిషి ఇంకొకరు లేరు. నడుముకు పట్టీ బిగించినప్పుడు, ముక్కుతాడు ఒక్కటే తక్కువ అనుకున్నది గానీ పైకి అనలేదు. బొంబాయిలో వంచిన తల మళ్ళీ ఎత్తలేదు. తల వంచుకోవడం ఆమెకు అలవాటే. పెండ్లిపీటల మీద కూడా ఆమె చూసింది రెండు పసుపు కాళ్ళు. ఆయన చూసింది బాసింగం. మరునాడే సెలవు అయిపోయిందని ఆయన ఈ దేశంలో నౌకరికి వచ్చేశాడు. మళ్ళీ ఇప్పుడు ఆమెను పిలిపించుకున్నాడు.

తప్పంతా పాస్‌పోర్టుది. ఆమె పుట్టిన ఊరు ఇచ్చోడ పటేలు రాసిచ్చిన కాయితాన్ని చూసి, అందులో పుట్టింట్లో పెట్టిన పేరు, బాపు పేరు, అన్న ఉండే బొంబాయి చిరునామా రాశారు. మొగుని పేరు మరిచిపోయారు.

"మొగుని దగ్గరికి వచ్చానంటున్నది. ఆ మొగుడెవరు?" అన్నాడు బల్ల వెనుక దొర, ఇంగ్లీషులో.

సమ్మవ్వ తన కాలివేళ్ళను చూసుకున్నది.

దొర మనుషులు బయటికి పోయి, తెలుగు తెలిసినాయన ఒకరు దొరికితే లోపలికి తీసుకొచ్చారు. సూటు, బూట్లు, నల్లద్దాలు. చేతిలో ఒక కాయితపు పొట్లం.

"ఏం పేరు చెల్లె?"

"సమ్మవ్వ."

"ఏ ఊరు?"

"బొంబాయి."

రెండు జవాబులూ బొంబాయి మిల్లులో పనిచేసే అన్న నేర్పినవే. అత్తగారిది మరాఠీ పద్ధతి. పెండ్లినాడే కోడలికి కొత్త పేరు పెట్టుకున్నారు. అత్తింట్లో అందరూ ఎరిగింది ఆ పేరే. "గా పేరు ఎత్తకు. పాస్‌పోర్టుల ఏమున్నదో గదే చెప్పు. లేకుంటే జైల్ల ఏస్తరు" అని అన్న బెదిరించి మరీ విమానం ఎక్కించాడు.

నల్లద్దాలాయన నవ్వాడు. "గీ మాట బొంబాయిదా? సరే తియ్. మీ ఆయన పేరేంది?"

సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మొగుని పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అమ్మమ్మ చెప్పింది. కొత్త కోడలిగా పోయిననాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, "పేరు చెప్పి లోపలికి రా" అన్నారు. "గడప కాడ ఒక్కసారికి దోషం లేదు బిడ్డా, చెప్పు" అని అత్త కూడా బతిమాలింది. సమ్మవ్వ పొద్దుగూకేదాకా నిలబడ్డది గానీ చెప్పలేదు. ఆడబిడ్డలకే ఆకలై పక్కకు జరిగారు.

"చెప్పు చెల్లె."

"చెప్పరాదన్నా."

"తెల్వదా? చెప్పవా?"

"తెలుసు. చెప్పరాదు."

ఈ మాటను నల్లద్దాలాయన ఇంగ్లీషులో ఎట్లా చెప్పాడో గానీ, దొర రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు.

ఆ రాత్రి ఆమెను ఆడవాళ్ళ గదిలో ఉంచారు. తినడానికి రొట్టె, ఉడికిన గుడ్డు ఇచ్చారు. కారం కోసం గిన్నె కింద కూడా వెతికి చూసింది.

తెల్లారి నల్లద్దాలాయన మళ్ళీ వచ్చాడు. చేతిలో నిన్నటి పొట్లమే. అందులోంచి వాడిన పూల వాసన.

"దొర ఆఖరి మాట చెప్పిండు చెల్లె. గిప్పుడు పేరు చెప్పకుంటే గా బొంబాయి విమానంల వాపస్ తోలుతడట."

వాపస్ పోతే ఇచ్చోడ సంతంతా ఒకటే ముచ్చట. మొగుడు వద్దన్నాడట, విమానం మీద తిప్పి పంపాడట. బాపు తల ఎట్లా ఎత్తుకుంటాడు?

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నల్లద్దాలాయనకు కోపం ఎక్కింది.

"ఎవడు చెల్లె వాడు? పెండ్లాన్ని సముద్రం దాటించి, తోల్కపోనీకి రాకుండ పండుకున్నడా? గసొంటోన్ని చెప్పుతోటి కొట్టాలె!"

"మా ఆయన్ని ఏమనకు అన్నా!" సమ్మవ్వ మొదటిసారి గొంతు లేపింది. "పనుల ఉన్నడేమో. వస్తడు."

"ఏం పనులు? నాకు లేవా? నా పరేషాన్ నాకున్నది. నిన్నటి సంది గీడనే పడి ఉన్న."

"మరి మా వదినె అయితే చెప్తదా నీ పేరు?"

"ఎందుకు చెప్పదు? నీ లెక్క ముంగి కాదు ఆమె. మైకుల చెప్పుమన్నా చెప్తది!"

ఇంత నోరున్న మనిషితో ఆ వదినె ఎట్లా వేగుతున్నదో పాపం, అనుకున్నది సమ్మవ్వ.

బయట విమానం బుర్రుమన్నది. ఒకడు వచ్చి ఆమె ట్రంకు పెట్టెను భుజానికెత్తుకున్నాడు.

సమ్మవ్వ తల ఇంకా కిందికి వంచింది. అప్పుడు కనపడింది, నేల మీద తెల్లరంగు గీత. ఇవతల దొర బల్ల. అవతల తలుపు, తలుపు బయట దేశం.

ఇదీ గడపే కదా!

గడప కాడ ఒక్కసారికి దోషం లేదు. ఆ ఒక్కసారిని ఆమె ఆనాడు వాడుకోనే లేదు. అది ఇంకా అట్లనే ఉన్నది.

గీత మీద కుడికాలు పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకున్నది. మనసులో అమ్మమ్మకు దండం పెట్టుకున్నది.

"సారయ్య" అన్నది.



"ఏమంటున్నది?" అని దొర అడిగాడు.

నిన్నటి నుంచి ఆమెను నోరారా చెల్లె, చెల్లె అని పిలిచిన మనిషి నల్లద్దాలు తీసి, "నా పేరే సార్" అన్నాడు.