మూడో కెమెరా

ఏంజెల్ గిద్దలూరులో బస్సు దిగి నేరుగా నరేంద్ర స్టూడియోకు వెళ్ళింది. ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పలేదు.

ఆమెను చూడగానే నరేంద్ర కుర్చీలోంచి లేచాడు. ఒకప్పుడు అతనూ, ఆమె భర్త సాగరూ కలిసి పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవారు. ఆరేళ్ళ కిందట గుండ్లకమ్మకు వరదొచ్చినప్పుడు, ఒక పెళ్ళి నుంచి తిరిగొస్తూ సాగర్ కొట్టుకుపోయాడు. పూడ్చుకోవడానికి శరీరం కూడా దొరకలేదు. అప్పటికి పాప షారోన్ ఇంకా కడుపులోనే ఉంది. ఆ తర్వాత నరేంద్ర మళ్ళీ వాళ్ళ ఊరు తర్లుపాడు వైపు వెళ్ళలేదు. వెళ్ళబుద్ధి కాలేదు.

“ఆయన నడిచే వీడియో ఏదన్నా ఉందా నరేంద్రా?” అంది ఏంజెల్.

“ఫొటోలున్నాయి గదా వదినా?”

“అవి చూసి చూసి ఇంకా అయోమయమయితాంది. ఫొటో నడవదు గదా.”

గొంతు తగ్గించి చెప్పింది.

“రాత్రిళ్ళు వసారాలో అడుగులు వినపడతన్నాయి. పాపను పక్కలో ఏసుకోని గడియ పెట్టుకుంటన్నా. నిద్ర పట్టదు. ఆయన నడక గుర్తు తెచ్చుకుందామంటే ఆ అడుగులే అడ్డమొస్తన్నాయి. అవి ఆయనవో కాదో నాకు తేలాల.”

నరేంద్ర కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

“మీ అత్తమ్మకూ వినపడతన్నాయా?”

“ఆమెకు సంతోషంగా ఉంది. నా కొడుకే అంటాది.”

“పాస్టరుగారితో ప్రార్థన చేయించకపోయినారా?”

“చేయించినాం. దేవుడికి స్తోత్రం చెప్పి పోయినాడు.”

నరేంద్ర బీరువాలోంచి పాత హార్డ్ డిస్క్ తీసి కంప్యూటరుకు తగిలించాడు. త్రిపురాంతకం చర్చిలో జరిగిన పెళ్ళి అది. మూడు కెమెరాలతో తీశారు.

మొదటిది సాగర్ కెమెరా. అందులో ఊరంతా ఉంది, తీసినవాడు లేడు. రెండోది నరేంద్రది. సాగర్ మోచేయి ఒకసారి, వీపు ఒకసారి కనబడ్డాయి. అదీ మసకగా.

“మూడోది పైన స్టాండు మీద పెట్టింది వదినా. అన్నిట్లోకీ మంచి కెమెరా. ఎంత దగ్గరికి లాగినా బొమ్మ చెదరదు.”

జనం రాకముందే దాన్ని ఆన్ చేసినట్టున్నారు. చర్చి ఖాళీగా ఉంది. తలుపు దగ్గర నుంచి సాగర్ నడిచి వస్తున్నాడు. చెప్పుల్లేవు. బండల మీద ఎడమ అడుగు తేలిగ్గా పడుతోంది, కుడి మడమ గట్టిగా మోగుతోంది. మధ్యలో ఆగి, తలెత్తి కెమెరాలోకి చూసి నవ్వాడు.

“నరేంద్రా, బొమ్మలో పడతన్నానా?”

ఆ గొంతు వినగానే నరేంద్ర ముఖం తిప్పుకున్నాడు.

ఏంజెల్ మాత్రం కళ్ళు మూసుకుంది. “మళ్ళీ పెట్టు,” అంది. పెట్టాడు. “మళ్ళీ.” ఖాళీ చర్చిలో ఆ అడుగులు వస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

“నా ఫోన్లోకి ఎక్కించు.”

ఎక్కించి ఇచ్చాడు. “మనసు కుదుటపడిందా వదినా?”

“బస్సు దొరికితే ఇప్పుడే పోయి ఇది అత్తకు చూపించాల.”

“వద్దు వదినా. పోయిన కొడుకు ఇట్ల కళ్ళ ముందర నడుస్తా కనపడితే పెద్దామె తట్టుకోలేదు.”

ఏంజెల్ అప్పటికే గుమ్మం దాటింది. అక్కడే ఆగి వెనక్కి తిరిగింది.

“పోయిన నెల అచ్చం ఈయన ముఖంతో మా ఇంటికొచ్చి, నేనే సాగర్‌నని వసారాలో మంచమేసుకోని, దినామూ నా బిడ్డను బడికి తోడుకపోతన్న మనిషి ఈయన కాదు నరేంద్రా.”