చుక్కి దగ్గు

చుక్కి అనే కౌజుపిట్టను ఒక నక్క పొద మొదట్లో తీగతో కట్టేసి బానిసను చేసుకుంది. చుక్కి "రండి! రండి!" అని పిలవాలి. తిండి ఉందేమోనని వచ్చిన పిట్టల్ని నక్క పట్టుకు తింటుంది. పిలవనంటే చుక్కినే తింటుంది.

"నీకేం తక్కువే? కూర్చోబెట్టి గింజలు పెడుతున్నానుగా," అనేది నక్క.

"మీ దయ దొరా," అనేది చుక్కి. ఆ గింజలు మాత్రం గొంతు దిగేవి కావు.

ఒకరోజు నిజంగానే ఓ గింజ గొంతుకు అడ్డం పడింది. పిలుపు మధ్యలో దగ్గు వచ్చింది. "రా... క్... అండి!" అని వినపడగానే, వస్తున్న పిట్టలు గిర్రున తిరిగి వెళ్లిపోయాయి. చుక్కి తెల్లబోయింది. "రండి" కాస్తా "రాకండి" అయిందని తెలిశాక లోలోపల నవ్వుకుంది.

ఆనాటి నుంచి చుక్కికి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా ఊపిరాడనట్టు రెక్కలు టపటపా కొట్టుకునేది. బిగుసుకుపోయిన రెక్కలకు మెల్లగా బలం వచ్చింది.

నక్కకు డొక్కలెండిపోయాయి. "పాడు దగ్గు! నీ పిలుపు పొద దాటడం లేదు. ఆ పుట్టెక్కి పిలువు," అంది.

"తీగ అక్కడిదాకా రాదు దొరా."

ఎగరడం ఇదెప్పుడో మరిచిపోయి ఉంటుందిలే అనుకుని నక్క తీగ కొరికేసింది. చుక్కి బుద్ధిగా పుట్టెక్కింది. ఒక్కసారి దగ్గింది. రెక్కలు విప్పి, ఎగిరి తుమ్మచెట్టు పైకొమ్మన వాలింది. అక్కడి నుంచి "రండి! రండి!" అని గొంతెత్తి పిలిచింది. పిట్టలన్నీ వచ్చి చుట్టూ వాలాయి.

కింద నక్క నోరు వెళ్లబెట్టి, "ఏమే, దగ్గు తగ్గిందా?" అంది.

"తగ్గిందిరా నక్కా!" అంది చుక్కి.