ఏ జాతి అని రాయను?

“ఆ ఇంట్లో ఎవరూ ఉండరు కామ్రేడ్. పైవీధికి పోదాం పదండి,” అన్నాడు నూరిద్దీన్.

“పొయ్యి పొగ కనబడుతోంది కదయ్యా!” షమ్సియా తలుపు తట్టింది. “తియ్యండమ్మా, ఆడదాన్నే.”

సోవియట్ ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో జనాభా లెక్కలు ముగింపుకొచ్చాయి. షమ్సియా తనిఖీ అధికారి. తాతారు జాతి మనిషి, ముసుగు వేసుకోదు. నూరిద్దీన్ పని ఇంటింటి లెక్కలు రాయడం. తన వివరాల్లో ఉజ్బెక్ అని రాసుకున్నాడు. అది అబద్ధమని ఆఫీసులో ఎవరికీ తెలియదు. వసంతంలో ఉజ్బెక్ బడిలో పంతులు ఉద్యోగం ఇస్తామన్నారు. జాతి దాచాడని తేలి మొన్ననే ఒక పంతులును ఇంటికి పంపేశారు. అప్పటినుంచి “ఏ జాతి?” అని అడిగినప్పుడల్లా ఎవరో తననే నిలదీస్తున్నట్టుంటోంది.

పొద్దుటి నుంచీ ఏ గడప తొక్కినా, పరాయి మగవాడని అతని అలికిడికే ఆడవాళ్ళ మొహాలమీదికి గుర్రపు వెంట్రుకల ముసుగులు దిగాయి. జవాబులన్నీ ఆ నల్లటి తెరల వెనకనుంచే. “ముస్లింలం.” “ఈ ఊరివాళ్ళం.” “నువ్వే ఏదో ఒకటి రాసుకో.”

తలుపు తెరుచుకుంది. నలభై దాటిన మనిషి. చెంపకు రొట్టెపిండి అంటుకుంది. షమ్సియా వెనక నూరిద్దీన్ కనబడగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మరుక్షణం వాలిపోయాయి.

“పేరు?”

“ఖోసియత్.”

“ఊరు?”

“బుఖారా. ఈమధ్యే వచ్చాను.”

అతను గొంతు సవరించుకున్నాడు. “ఏ జాతి?”

“తాజిక్.”

“ఉజ్బెక్ అని రాయనా? ఇక్కడ చాలామంది అలాగే చెబుతున్నారు.”

“చెప్పేవాళ్ళను చెప్పుకోనీ బాబూ. నా నోరు ఇంకా నాదే.”

షమ్సియా పకపకా నవ్వింది. “రాయవయ్యా, ఆవిడ చెప్పిందే రాయి. పిల్లలున్నారా అక్కా?”

“ఒక్కడు. చదువుకుంటానని వెళ్ళాడు.”

“మరి వాడిది ఏ జాతి?”

“వాడినే అడగాలి తల్లీ.”

నూరిద్దీన్ పెన్సిల్ ముక్కు విరిగింది. వంగి ఇంకో పెన్సిల్ కోసం సంచి వెతుక్కున్నాడు. చాలాసేపు వెతికాడు.

వెళ్ళేటప్పుడు ఖోసియత్ ఇద్దరి చేతుల్లోనూ వేడి రొట్టె పెట్టింది. అతను తలెత్తకుండానే అందుకున్నాడు.

వీధిలో మంచు కరకరలాడింది. గండం గడిచిందనుకున్నాడు. ఊపిరి తేలికగా ఆడింది. రొట్టె మాత్రం తినకుండా సంచిలో పెట్టుకున్నాడు.

షమ్సియా మలుపుదాకా నడిచింది. అక్కడ ఆగి, అతని మొహంలోకి చూసింది.

“ఈ వీధిలో ఆడవాళ్ళందరూ నిన్ను చూడగానే మొహం దాచుకున్నారు నూరిద్దీన్, మీ అమ్మ ఒక్కతే మరిచిపోయింది.”