కూటమి గొంతు

పెద్ద దేశాల శిఖరాగ్ర సభలో మన తీరదేశాల కూటమికీ ఒక కుర్చీ ఇచ్చారు. అందులో మనిషి కూర్చోడు. కూటమిలో ప్రతి ఇంటి గోడకీ ఉన్న పెట్టె పొద్దున్నే పలకరిస్తుంది. ఇళ్లన్నిటి జవాబులూ కలిసి అక్కడ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

ఆ రోజు సభలో సముద్రానికి అడ్డుగోడల సంగతి వచ్చింది. నూకరత్నం ఎండుచేపల పని వదిలేసి టీవీ ముందు కూర్చుంది.

"మా తీరంలో అందరూ బాగున్నారు. గోడలు అక్కర్లేదు" అంది కూటమి గొంతు.

నూకరత్నం తమ గోడమీది పెట్టె వైపు తిరిగి చూసింది. కెరటాలు వంటిల్లు పట్టుకుపోయిన సంగతి అత్త కాసులమ్మ ఆ పెట్టెకి రోజూ చెబుతూనే ఉంది. కాకపోతే ముందు "బాగున్నాం బాబూ" అనేది, కష్టం ఆ తర్వాత. పలకరించినవాళ్ల మీద రాగానే ఏడుపు కుమ్మరించడం ఆ పేటలో ఎవరికీ అలవాటు లేదు. పెట్టె మాత్రం మొదటి మాటే పైకి చేరవేసేది.

"రేపు ముందే చెప్పెయ్యి అత్తా, బాగాలేమని."

కాసులమ్మ తలూపింది.

తెల్లారేసరికి నీళ్లు గడప దాటాయి. "బాగున్నారా అమ్మా?" అంది పెట్టె.

కాసులమ్మ కాళ్లు మంచం మీదికి లాక్కుని, కొంగు సర్దుకుంది.

"బాగున్నాం బాబూ. మీరంతా బాగున్నారా?"