సాయంత్రం కాకముందే

సాల్ట్ లేక్ సిటీలో మా చర్చిలో ఆదివారం ప్రార్థన. ప్రభువు పేరిట తలా ఒకటి పంచే రొట్టె ముక్కల పళ్ళెం మా వరసలోకి వచ్చింది. వీపుసంచీతో వచ్చి నా పక్కన కూలబడ్డ కుర్రాడు గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఒక్క ముక్కే తీసుకోవాలి అబ్బాయ్," అన్నాను గొంతు తగ్గించి.

"నిన్నట్నుంచి ఏం తినలేదండీ."

"ఇక్కడ ఎవరం తినలేదు. నెలనెలా మొదటి ఆదివారం మాకు ఉపవాసం. తలా ఒక కోరిక కోరుకుని సాయంత్రం దాకా ఉంటాం."

అతని మొహం వాడిపోయింది. పేరు డెక్లన్, ఐర్లండ్ వాడట. మూడింటికి బస్సు. ఈ చుట్టుపక్కల ఆదివారం హోటళ్ళు తియ్యరు. నాకా ఒంట్లో ఓపిక లేదు. అయినా ఇంటికి రమ్మన్నాను.

నిన్న చీజ్ వేసి కాల్చిన ఆలుగడ్డలు వేడిచేసి పెట్టాను. అతను కంచం వెనక్కి నెట్టాడు.

"ఉపవాసం ఉన్న మనిషి ముందు కూచుని ఎలా తినను?"

తిండి చల్లారిపోతోంది. వాదించే శక్తి లేక నేనూ ఒక కంచం తెచ్చుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో సాయంత్రం కాకుండా ఉపవాసం విడవడం ఇదే మొదలు.

గుమ్మం దగ్గర సంచీ తగిలించుకుంటూ నసిగాడు.

"నావల్ల మీ ఉపవాసం చెడింది. ఇంతకీ ఏం కోరుకున్నారు?"

"మావారు పోయినప్పట్నుంచీ ఒకటే కోరుకుంటున్నా. ఒక్కపూట నాకెదురుగా కూచుని ఎవరైనా భోంచెయ్యాలని. ఇక నడు, బస్సు పోతుంది."