ఏనుగు గొంతు

ఫిల్మ్‌నగర్‌లోని ఆ డబ్బింగ్ స్టూడియో మెట్లను సాయిశ్రీనివాస్ హుషారుగా ఎక్కాడు. తెరమీది విలన్లకూ పోలీసాఫీసర్లకూ గొంతు ఇచ్చే పని ఈ మధ్య బాగా తగ్గిపోయింది. అంధబాలల కోసం తయారవుతున్న కంప్యూటర్ పాఠాలకు తన గొంతు కుదిరితే, అన్ని తరగతుల పాఠాలూ అతనివే.

అద్దానికి అవతల పుష్పకుమారి టీచర్ నిటారుగా కూర్చుని ఉంది. ఆమె పక్కనే, చెవులకు హెడ్‌ఫోన్లతో, నల్లకళ్ళద్దాల పాప.

"మా సోఫియా. గొంతు ఎంచేది తనే," అంది టీచర్. "సినిమా గొంతే కావాలంటుంది. ఇప్పటికి చాలామందిని కాదంది."

"అమ్మో, మా డైరెక్టర్లే నయమండీ!" నవ్వాడతను.

పాప నవ్వలేదు.

పాఠం అడవి జంతువులది. ఊబిలో దిగబడిన జింకకు ఏనుగు ధైర్యం చెప్పాలి. అతను బరువుగా, బొంగురుగా అందుకున్నాడు.

"ఏనుగు వద్దండీ. మీ సొంత గొంతుతో, మెల్లగా చెప్పండి," అంది టీచర్.

"భయపడకు. సాయం తీసుకొస్తాను."

"ఇంకాస్త తొందర ఉండాలి. అక్కడ నిలబడలేని మనిషిలా."

పిల్లల పాఠానికి ఇదేం పద్ధతో అతనికి అంతుపట్టలేదు.

"చూపులేని పిల్లలకు శబ్దమే బొమ్మ," అంటూ ఆమె సౌండ్ ఇంజినీరుకు సైగ చేసింది.

అతని హెడ్‌ఫోన్లలో వాన మొదలైంది. ఆకుల మీద కురిసే వాన కాదది. తారురోడ్డు మీద కురిసే వాన. లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ ఈ పని పోతే మరొకటి దొరకదు. కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"భయపడకు. సాయం తీసుకొస్తాను. కదలకమ్మా, రెండు నిమిషాల్లో వచ్చేస్తా."

వాన ఆగిపోయింది.

"ఆ చివరి మాట మేము రాయలేదే?" అంది టీచర్.

"అలవాటండీ. తెరమీద పెదవులు ఇంకా కదులుతుంటే ఏదో ఒక మాట నింపేస్తాం. నోటికి అదొచ్చింది. తీసేయమంటారా?"

"వద్దు. ఉండనివ్వండి."

సోఫియా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తడుముకుంటూ టీచరు చేతిని గట్టిగా పట్టుకుంది.

"టీచర్, జూబ్లీహిల్స్ మలుపులో మా అమ్మను కారుతో గుద్ది, వానలో ఈ మాటే చెప్పి వెళ్ళిపోయింది ఈయనే."