అరువు టీచరమ్మ

“చివరింటి టీచరమ్మగారా? ఆవిడ పాలు పోయించుకోవడం మానేసి చాలా కాలమైందండీ. పాలు పడటం లేదట.”

పాలవాడు మాటవరసకి అన్నాడు.

ఇల్లాలికి మాత్రం చెవిలో జోరీగ దూరినట్టయింది. పాలే లేని కొంపలో తోడెందుకు?

ఆ టీచరమ్మ రోజూ సాయంత్రమయ్యేసరికి గిన్నె పుచ్చుకుని గేటు దగ్గర ప్రత్యక్షం.

“అమ్మాయ్, పాలు తోడు పెట్టుకోవాలి. ఒక్క చెంచాడు పెరుగు పంపించు. మీవాడి చేత పంపించు, ఈ మోకాళ్ళతో నేను గిన్నె మోయలేను.”

మోసుకొచ్చిన గిన్నెని మోసుకెళ్ళలేదట, విడ్డూరం!

నెల్లాళ్ళు కూతురింట్లో ఉండి వచ్చిన దగ్గర్నుంచీ పట్టుకుంది ఆవిడకీ పిచ్చి. ‘అరువు టీచరమ్మ’ అని పేరు కూడా పెట్టేసింది ఇల్లాలు. ఆ పేరు వింటే కొడుక్కి కోపం.

“అలా అనకమ్మా. పెద్దావిడ.”

చెంచాడు తోడు ఇవ్వడానికి వెళ్ళినవాడు గంట దాటితే గానీ తిరిగి రాడు.

వేరే ఇంట్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. ఈ ఇంట్లో కాదు.

ఈ ఇంట్లో కొడుకు మత్తుమందు మాని ఏడాది దాటింది. బైకుల షెడ్డులో పని చేస్తున్నాడు. తను బాగుపడిన సెంటర్‌కే ఆదివారాలు వెళ్ళి, కొత్తగా చేరినవాళ్ళకి ధైర్యం చెప్పి వస్తున్నాడు. అయినా తల్లి బీరువా తాళాలు దిండు కింద నుంచి తియ్యలేదు. పొద్దు వాలాక వాణ్ణి గడప దాటనివ్వదు. పెద్దావిడ మాట కొట్టేయలేక ఆ ఒక్క ఇంటికే పంపుతోంది.

ఇంకోసారి జారితే వాడు తన చేతికి దక్కడు. అదీ ఆ తల్లి భయం. ఆ భయంతో సరిగ్గా నిద్ర కూడా పట్టదు ఆవిడకి.

ఆ సాయంత్రం గేటు చప్పుడైంది. కొడుకు ఇంకా పని నుంచి రాలేదు.

“అమ్మాయ్, కాస్త తోడు...”

“పాలు పోయించుకోని ఇంటికి తోడెందుకండీ టీచరుగారూ?”

టీచరమ్మ తెల్లబోయింది.

“నిజమేనమ్మా. పాలు లేవు. తోడే కావాలి.”

“అబద్ధాలు ఆడొద్దని పిల్లలకి పాఠాలు చెప్పినవారు! మీ పొద్దుపోని కబుర్లకి మావాడే దొరికాడా? అసలే పడి లేచినవాడు. రేపట్నుంచి ఈ గడప తొక్కకండి, మీకో దండం.”

టీచరమ్మ ఏదో చెప్పబోయింది. అంతలోనే ఖాళీ గిన్నెతో వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మరీ కటువుగా అన్నానేమో అనిపించింది ఇల్లాలికి. అయినా పీడ విరగడైందన్న సంతోషమే ఎక్కువ.

కాసేపటికి కొడుకు వచ్చాడు. గ్రీజు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

“టీచర్ రాలేదామ్మా?”

“వచ్చింది. బాగా గడ్డి పెట్టి పంపాను. ఇక రాదులే.”

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎంతసేపైంది?”

“ఎంతసేపైతే నీకెందుకురా?”

చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికాడు. పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

“అడ్డం రాకమ్మా!”

ఆ పాడు రోజుల్లోనూ ఇదే మాట అనేవాడు. ఇలాగే విదిలించుకునేవాడు.

తల్లి “దేవుడా, మళ్ళీ మొదలైంది” అంటూ వాడి వెనకే పడుతూ లేస్తూ పరుగెత్తింది.

చివరింటి తలుపు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో నేల మీద ఇద్దరూ కూలబడి ఉన్నారు. టీచరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. కొడుకు గుప్పిట బిగించి ఉంది.

“ఏంట్రా అది? చెయ్యి తెరువు!”

వాడు తెరవలేదు. తల్లి బలవంతంగా వేళ్ళు విప్పింది.

మాత్రల అట్ట. నొప్పి మాత్రలే. అవి మత్తుకి ఎలా పనికొస్తాయో కన్నీళ్ళతో నేర్చుకున్న తల్లి ఆవిడ.

చెంప చెళ్ళుమంది.

“ఇందుకా రోజూ ఇక్కడికి పరుగులు? ఎవరిస్తున్నార్రా నీకివి? ఈవిడేనా? నోరు విప్పు!”

వాడు టీచరమ్మ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

“నేను చెప్పకూడదమ్మా.”

“చెప్పకూడదా!” తల్లి మళ్ళీ చెయ్యెత్తింది.

ఆ చేతిని టీచరమ్మ పట్టుకుంది.

“వాణ్ణి కొట్టకమ్మా, నీకు పుణ్యముంటుంది. అవి నావి.”

“మీవైతే వీడి చేతిలోకి ఎలా వచ్చాయి?”

“నా చేతిలోంచి లాక్కున్నాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే మింగేసేదాన్ని.”

తల్లి ఎత్తిన చెయ్యి దించింది.

“నేను నెల్లాళ్ళు ఉన్నది కూతురింట్లో కాదమ్మా, వీడు వెళ్ళే సెంటర్‌లో. మోకాళ్ళ ఆపరేషన్‌కి రాసిచ్చారు ఈ మాత్రలు. నొప్పి పోయింది గానీ ఇవి నన్ను వదల్లేదు. పొద్దు వాలితే చాలు, ప్రాణం లాగేస్తుంది. ఆ కాస్తసేపూ వీడు పక్కన కూర్చుంటే గట్టెక్కుతున్నాను. నా పరువు పోకూడదని కన్నతల్లికి కూడా చెప్పలేదు, పిచ్చి సన్నాసి.”

“వీడా? మీకా?” తల్లి కొడుకు వైపు చూసింది.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

“ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అడిగారమ్మా, గుండె మీద చెయ్యేసుకుని నమ్మగలిగే మనిషి మీకు ఒక్కరైనా ఉన్నారా అని. నేను నీ కొడుకు పేరు చెప్పాను.”